కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరదేశ జీవితము

వార్షిక మహాసభా సంచికలయందు మహనీయుల జీవితములను బ్రకటించుట మన సంఘములకుఁ బరిపాటి. ఉన్నతోద్యోగములు నిర్వహించినవారిని, న్యాయవాదవృత్తిలోఁ బేరుపొందినవారిని, సత్రములు కట్టించినవారిని స్మరించి, వారి నడవడి మన బాలురకు మేలుబంతి కావలెనని కోరుచుందుము. ఈ వ్యాసమున స్మరింపఁబడు మహాశయుఁడు ఏ యధికారమును జేపట్టినవాఁడు గాఁడు. సత్రము కట్టించినవాఁడు గాఁడు. 28వ యేఁట దేశమును విడిచి, తక్కిన యాయుస్సంతయు పరదేశమునఁ గడపి, మరల కన్నవారి మొగము చూడకయే కాలధర్మము నొందెను. అయినను నేఁడు గర్భిణికి వైద్యుఁ డిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయందును, బోదకాలు రాకుండుటకై గ్రామగ్రామమునఁ బంచెడి మాత్రయందును ఆతని శ్రమ యున్నది. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

నేఁడు మన కుటుంబములలో నొక కుమారుఁడో కుమార్తెయో పరదేశమున లేని యిల్లు తక్కువ. పోయినవారి ప్రయోజకత్వమును గూర్చి సభలయందు విశేషముగాఁ జెప్పుకొందుము. వారి నంపినవారిని గూర్చి చెప్పుకొనుట తక్కువ. సుబ్బారావుగారి చరిత్రమునందు ఈ రెండు పక్షములును సమముగా నున్నవి. కావున పోయినవాని కథను, నిలిచినవారి కథను గలిపి చెప్పుట యుచితమని తోఁచినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. 2022వ సంవత్సరమున పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన భీమవరమే యది. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో నీయన నాలవవారు. తండ్రిగారు రెవిన్యూశాఖలోఁ జిన్న యుద్యోగమునం దుండి, అనారోగ్యముచే దానిని ముందుగానే విరమించుకొనిరి. నెలజీతము నిలిచిన యింట ఏడుగురు బిడ్డలను బెంచుట యెట్టిదో మన మధ్యతరగతి గృహిణులకుఁ జెప్పనక్కఱలేదు.

బాల్యమున నీయన బుద్ధిమంతుఁడైన విద్యార్థి యని యెవరును దలంపలేదు. చదువు రాజమహేంద్రవరమున సాగెను గాని, దానిపై దృష్టి నిలువలేదు. ఇంటి యిబ్బంది చూచి, 13వ యేఁట కాశికిఁ బోయి యాత్రికులకు అరఁటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యెవరితోను జెప్పక బయలుదేరెను. పెద్దలు నడుమదారిలోనే పట్టుకొని తీసికొనివచ్చిరి. దూరదేశమునకుఁ బోయి సంపాదించి యింటిని నిలుపవలెనన్న తలంపు ఆ బాలునియందు నాఁడే మొలకెత్తినదని దీనివలనఁ దెలియుచున్నది. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి, మూఁడవసారి చెన్నపురి హిందూ ఉన్నతపాఠశాల నుండి వ్రాసి కృతార్థుఁడయ్యెను.

ఇంతలోఁ దండ్రిగారు పరమపదించిరి. సంసారభారము వెంకమ్మగారిపైఁ బడెను. ఆమె తన యొంటిమీఁది నగలను విక్రయించి కుమారునిఁ జదివించెను. అప్పటి సంసారములలో స్త్రీకిఁ దనదని చెప్పుకొనఁదగిన సొత్తు ఆ నగలే గదా! దానిని గూడఁ దీసి, రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్లవాని చదువునకై యిచ్చుట సామాన్యమైన విశ్వాసము గాదు. సుబ్బారావుగారి జీవితమందలి మొదటి ఋణ మీ తల్లిదే.

చెన్నపురి రాజధాని కళాశాలలో నింటర్మీడియేటు చదువుచుండఁగా ఆయనకు రామకృష్ణమఠమువారి సాంగత్యము గలిగెను. సంసారమును విడిచి సన్న్యసింపవలెనని గాఢమైన కోరిక పుట్టెను. తల్లి యంగీకరింపలేదు. తల్లి యనుజ్ఞ లేక సన్న్యాసము తగదని మఠమువారును జెప్పి, రోగులకు సేవచేయుటకు వైద్యవిద్య నభ్యసింపుమని మార్గము చూపిరి. 1915వ సంవత్సరమున నీయన చెన్నపురి వైద్యకళాశాలలోఁ జేరిరి. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ద్రవ్యసాహాయ్యము చేసి చదివించిరి. పిమ్మట మూర్తిగారి కుమార్తె శేషగిరితో 1919వ సంవత్సరమున వివాహమయ్యెను.

అది మహాత్మాగాంధీగారి పిలుపు దేశమంతయు మాఱుమ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు విదేశవస్త్రమును విడిచి, శస్త్రచికిత్సాశాలలోఁ గూడ ఖద్దరు దుస్తులనే ధరించిరి. శస్త్రవైద్యము బోధించు ఆంగ్లేయాచార్యునకు ఇది రుచింపలేదు. వ్రాఁతపరీక్షలలో నీయన చక్కఁగా వ్రాసినను, తుదకు లభించినది ఎం.బి.బి.యస్. పట్టము గాదు, అంతకంటెఁ దక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఆ కొఱఁత యీయనను జీవితమున చాలదూరము వెంటాడెను. ప్రభుత్వ వైద్యోద్యోగము లభింపలేదు. చెన్నపురిలో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించు నుపాధ్యాయులుగాఁ బ్రవేశించిరి.

ఈ నడుమ నా యింట మహావిపత్తు సంభవించెను. అన్నయు, తమ్ముఁడును ఎనిమిది దినముల వ్యవధిలో నొకరి వెనుక నొకరు సంగ్రహణి రోగమువలన మరణించిరి. పాశ్చాత్యవైద్యులు స్ప్రూ యని వ్యవహరించు వ్యాధి యిదియే. తిన్న యన్నము వంటఁబట్టదు, రక్తము క్షీణించును, శరీరము నానాఁటికి శుష్కించును. సుబ్బారావుగారికిని ఆ రోగము సోఁకఁగా లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచేఁ గోలుకొనిరి. తన్ను బ్రతికించిన మందులో నేమున్నది? అన్నదమ్ములను జంపిన రోగమునకు మూలమెక్కడ? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పఁదగిన ప్రయోగశాల నాఁటి చెన్నపురిలో నాయనకు దొరకలేదు. కావున అమెరికాదేశమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విద్యాలయమునకుఁ బోవ నిశ్చయించిరి.

పోవుటకు ధన మెక్కడిది? మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థవారు సాహాయ్యము చేసెదమని మాట యిచ్చిరి. ఈ సత్యలింగనాయకరుగారి వృత్తాంతము నిచ్చట నించుక చెప్పవలసియున్నది. ఆయన కోరంగి ప్రాంతమువారు. ఓడనెక్కి బర్మాదేశమునకుఁ బోయి, రంగూను పట్టణమునఁ గష్టించి విశేషధన మార్జించి, తన యాస్తిని విద్యాదానాది ధర్మములకై విడిచిపోయిరి. గోదావరి, విశాఖపట్టణ మండలముల నుండి వేలకొలఁది తెలుఁగువారు ఆ కాలమున రంగూను రేవులో మూటలు మోయుటకును, బియ్యపుమిల్లులలోఁ బనిచేయుటకును బోయెడివారు. కోరంగి రేవు పేరనే బర్మావారు మన తెలుఁగువారినందఱిని కోరంగీలని పిలిచిరి. 1930వ సంవత్సరమున రంగూను రేవులో చెలరేఁగిన కలహమున ఆ తెలుఁగుకూలీలు పెక్కండ్రు హతులైరి. 1942వ సంవత్సరమున జపానుసేనలు వచ్చినపుడు మిగిలినవారు పిల్లలను జంకనెత్తుకొని కొండదారుల స్వదేశమునకు నడచిరి. అట్టి వలసకూలీల నడుమ జీవించిన యొక వలసదారుని కష్టార్జితము, అమెరికాకుఁ బోవు మఱొక వలసదారునకు ఊఁతయయ్యెను. సత్యలింగనాయకరుగారి శాఖ వేఱు. సుబ్బారావుగారి శాఖ వేఱు. ఆ ధర్మసంస్థ యీ భేదమును బాటింపలేదు. ఇది మన పోషకమహాశయులు గమనింపఁదగిన విషయము.

బయలుదేరునప్పటికి భార్య గర్భవతి. చదువు ముగిసినతోడనే భర్త తిరిగి వచ్చునని ఆమె యాశించుట సహజము. తల్లికి మిగిలిన యాధారములలో నీ కుమారుఁడే ముఖ్యుఁడు. వీరందఱి నిట విడిచి, 1923 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి.

ఆ సంవత్సరము భారతీయుఁడు అమెరికాలో నడుగుపెట్టుటకు అనుకూలమైనది గాదు. 1917వ సంవత్సరపు చట్టము మన దేశమును జేర్చి ఆసియాఖండములో విశేషభాగము నుండి కూలికై గాని కాపురమునకై గాని వచ్చువారికి వాకిలి మూసివేసెను. విద్యార్థులకు మాత్రము సందు మిగిలెను. 1923 ఫిబ్రవరి 19వ తేదీన, ఆ దేశపు సైన్యమునఁ బనిచేసిన భగత్ సింగ్ థిండు అను పంజాబుదేశీయుని యభియోగమున, భారతీయులు పౌరసత్వమున కర్హులు గారని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మఱుసటి యేఁట, పౌరసత్వమున కర్హులు గానివారు స్థిరనివాసమునకై రాఁగూడదని వేఱొక చట్టము పుట్టెను. కావున అచ్చట నుండి చదువుకొనవచ్చును, శ్రమింపవచ్చును, ఆ దేశము తనదని చెప్పుకొనుటకు మాత్రము వీలులేదు. భార్యను బిలిపించుకొని కాపురము పెట్టుటయుఁ గష్టసాధ్యమే. నేఁడు వీసాలకై యెదురుచూచు మన బిడ్డల చిక్కులు, ఆ కాలమువారి చిక్కులతోఁ బోల్చిన, ఒక్క విషయమున స్వల్పములు: నేఁ డుపాయ మొకటి గలదు, నాఁ డదియు లేకుండెను.

బోస్టనులో జీవనమునకై పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుఁడుగాఁ జేరిరి. పక్కలు మార్చుట, రోగుల మలమూత్రపాత్రలను గడుగుట ఆ పని. స్వదేశమున వైద్యుఁడై, కళాశాలలో నుపాధ్యాయుఁడై యుండినవాఁడు దీనిని జేసెను. ఏ కులము పని ఏది యను లెక్క సముద్రము దాఁటినవానికి నిలువదు. ఆయన దానిని గూర్చి సిగ్గుపడినట్లు గానరాదు. పగలు చదివి, 1924వ సంవత్సరమున ఉష్ణదేశవ్యాధుల విద్యయందు పట్టము పుచ్చుకొనిరి.

ఆ దినములలోనే యింటి నుండి దుర్వార్త వచ్చెను. ఆయన వెడలిన పిమ్మటఁ బుట్టిన కుమారుఁడు శైశవమందే మరణించెను. తండ్రి యా బిడ్డ మొగ మెన్నఁడును జూచి యెఱుఁగఁడు. ఇచ్చట భార్య యొక్కతెయే పుత్రశోకము ననుభవించెను. అచ్చట నాయన ఆ శోకమును దిగమ్రింగి ప్రయోగశాలకుఁ బోయెను. ఉత్తరము పోవుటకు వారములు పట్టెడి దినములవి. ఒకరి కన్నీ రొకరు తుడుచుట కవకాశము లేకపోయెను.

పిమ్మట ఆయన హార్వర్డు వైద్యవిద్యాలయమున జీవరసాయనశాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్దఁ జేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత గలదో కొలుచుటకు నాఁడు సులభమైన విధానము లేదు. వీరిరువురును గూడి, మాలిబ్డేటు ద్రావణముతో భాస్వరమును గలిపి నీలవర్ణము వచ్చునట్లు చేసి, ఆ రంగు చిక్కఁదనమునుబట్టి పరిమాణమును నిర్ణయించు పద్ధతిని గనిపెట్టి 1925వ సంవత్సరమున బ్రకటించిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని నేఁటికిని విద్యార్థులు నేర్చుకొనునది యిదియే. అమెరికాకుఁ బోయిన రెండేండ్లలో మన గోదావరితీరపు పేరొకటి రసాయనశాస్త్ర గ్రంథములలో నెక్కెను.

ఈ కొలబద్ద చేతికి వచ్చినతోడనే మఱికొన్ని రహస్యములు బయలుపడెను. కండరములలో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థ మున్నదని 1927వ సంవత్సరమునను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థ మున్నదని 1929వ సంవత్సరమునను వీరు ప్రకటించిరి. రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీదేశమున కార్ల్ లోమాన్ అను పండితుఁడును వేఱుగాఁ గనిపెట్టెను. మనము చేయి కదపినను, గుండె కొట్టుకొనినను వ్యయమగు శక్తి యీ పదార్థము ద్వారముననే లభించుచున్నదని పిమ్మటి శాస్త్రజ్ఞులు స్థాపించిరి. చీమ మొదలు ఏనుఁగు వఱకు జీవకోటి కంతటికి నిదియే ఖర్చుపెట్టెడి నాణెము. 1930వ సంవత్సరమున సుబ్బారావుగారికి డాక్టరు పట్టము లభించెను.

ఇంత చేసినను హార్వర్డులో నాయనకు స్థిరమైన యాచార్యపదవి రాలేదు. పదియేడు సంవత్సరము లా నగరమున నుండియుఁ జిన్నపదవులతోనే కాలము గడపవలసి వచ్చెను. అదే శాఖలో విద్యార్థియై యుండి, 1988వ సంవత్సరమున నోబెల్ బహుమాన మందుకొనిన జార్జి హిచ్చింగ్సుగారు, సుబ్బారావుగారు వేఱుపఱచిన కొన్ని పదార్థములు వెలుఁగుచూడక మఱుఁగున పడిపోయి యనేక సంవత్సరములకుఁ బిమ్మట నితరులచే మరలఁ గనిపెట్టఁబడెనని సాక్ష్యమిచ్చిరి. సుబ్బారావుగారు దీనికై వాదమునకు దిగలేదు. పేరునకై ప్రాఁకులాడుట ఆయన స్వభావమున లేదు. ఆ సద్గుణమే లోకములో నాయన పేరు మఱుఁగుపడుటకును గారణమయ్యెను.

1940వ సంవత్సరమున న్యూయార్కు సమీపమునందలి పెర్ల్ రివరు గ్రామమున లెడర్లీ అను ఔషధశాలలోఁ జేరి, కొలఁదికాలమునకే పరిశోధనశాఖ కంతటికిని అధ్యక్షులైరి. విశ్వవిద్యాలయము చూడని యోగ్యతను వర్తకసంస్థ చూచెను. పౌరసత్వము లేని పరదేశీయుని క్రింద నా దేశపు రసాయనజ్ఞులును, జీవశాస్త్రజ్ఞులును, వైద్యులును గూడి పనిచేసిరి. అచ్చట గడచిన యెనిమిదేండ్లలో వెలువడిన ఫలములను జూచినచో, వానియం దొక్కటి చాలు నొకని జీవితము సార్థకమనుటకు.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1928వ సంవత్సరము మొదలుకొని బొంబాయి నగరమున లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు, బట్టలమిల్లులలోఁ బనిచేయు బీదగర్భిణులకు వచ్చెడి రక్తక్షీణతను బరిశీలించి, ఈస్టు సారముతో నది నయమగునని చూపెను. ఆ సారమున నున్న గుణకారి యేదో యామెకుఁ దెలియలేదు. ఆకుకూరలయందు నదియే కలదని తెలిసి, 1941వ సంవత్సరమున దానికి ఆకు అను నర్థముగల లాటినుమాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారు వేఱొక రక్తరోగమునకు మందు వెదకుచుఁ గాలేయసారమును శోధించుచుండిరి. ఆ మందు వేఱని 1948వ సంవత్సరమున నితరులు తేల్చిరి. ఆ వెదకుటలో నీ ఫోలిక్ ఆమ్లము చేతికి వచ్చెను. 1945వ సంవత్సరమున లెడర్లీవారు దానిని గృత్రిమముగాఁ దయారుచేయఁగలిగిరి. క్యూబా, పోర్టోరికో దీవులలో సంగ్రహణి రోగుల కిచ్చి చూడఁగా, శుష్కించి మంచమునఁ బడియుండినవారు లేచి యన్నమడుగుట మొదలిడిరి.

సంగ్రహణి! అన్నను, తమ్ముని ఎనిమిది దినములలోఁ గొనిపోయిన రోగ మిదియే గదా. మందు దొరకునప్పటికి వారు పోయి చాలకాలమయ్యెను. తమవారికిఁ బనికిరాని మందు పరులకుఁ బనికివచ్చెను. నేఁడు లోకమంతట గర్భిణులకు ఫోలిక్ ఆమ్లము నిచ్చుచున్నారు. గర్భమున శిశువు వెన్నెముకకు వచ్చు లోపములను అది చాలవఱకు నివారించును.

రెండవది హెట్రజాను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకుఁ బోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా రోగము సోఁకెను. దానికి మందు వెదకి లెడర్లీవారు 1947వ సంవత్సరమున డైఇథైల్ కార్బమజైను అను ఔషధమును బ్రకటించిరి. ఫైలేరియా యన మన బోదకాలు. గోదావరి కాలువల ప్రక్క గ్రామములలో బోదకాలు లేని వీధి యుండెడిది గాదని పెద్దలు చెప్పుదురు. ఆ కాలువల నడుమనే సుబ్బారావుగారు పుట్టిరి. యుద్ధమునకై పుట్టిన మందు, 1955వ సంవత్సరమున మన దేశమునఁ బ్రారంభమైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునకు మూలాధారమయ్యెను. 2004వ సంవత్సరము నుండి వ్యాధిపీడితములైన జిల్లాలలో సంవత్సరమున కొకమాఱు ఇంటింటికిఁ దిరిగి దానిని మ్రింగించుచు వచ్చిరి. ఆ మాత్రను దెచ్చిన కార్యకర్తకును, మ్రింగిన గ్రామీణునకును అది భీమవరపు బిడ్డ చలువ యని తెలియదు.

మూఁడవది ఆరియోమైసిను. విశ్వవిద్యాలయమున వయోనియమముచే విరమించిన బెంజమిన్ డగ్గరు అను వృద్ధపండితునకు లెడర్లీలోఁ జోటు లభించెను. ఆయన పలుచోట్ల నుండి తెప్పించిన మట్టిలో బంగారువన్నెగల యొక సూక్ష్మజీవి నుండి యీ మందును దీసెను. టెట్రసైక్లిను వంశమున మొదటిది యిదియే. 1948వ సంవత్సరమున లోకమునకుఁ దెలియఁజేయఁబడెను. 1994వ సంవత్సరమున సూరతు నగరమున మహామారి పుట్టినపుడు మన ప్రభుత్వము పంచిన మందు లీ వంశములోనివే. సంగ్రహణికి నేఁడు వైద్యులు ఫోలిక్ ఆమ్లమును, టెట్రసైక్లినును గలిపి యిచ్చుచున్నారు. ఒకే ప్రయోగశాల నుండి, ఒకే యధ్యక్షుని కాలమున వెలువడిన రెండు మందులు, ఆ యింటి యిద్దఱు బిడ్డలను జంపిన రోగముపై నొక్కటియై పోరాడుచున్నవి.

నాలవది పసిపిల్లల రక్తపుఁ గాన్సరునకు మందు. ఫోలిక్ ఆమ్లమును బోలియుండి, దాని పని కడ్డువచ్చెడి అమినోప్టెరిను అను పదార్థమును లెడర్లీవారు చేసి యియ్యఁగా, బోస్టను నగర వైద్యుఁడు సిడ్నీ ఫార్బరు దానిని జావు నిశ్చయమైన బిడ్డల కిచ్చెను. కొందఱు బిడ్డలు లేచి యాడుకొనిరి. అది తాత్కాలికమే యైనను, ఆ రోగమున కౌషధము సాధ్యమని లోకము మొదటిసారి చూచినది 1948వ సంవత్సరముననే. దాని తోఁబుట్టువైన మెథోట్రెక్సేటు నేఁటికిని వైద్యశాలలలో వాడుకలో నున్నది. కన్న బిడ్డను జూడలేకపోయిన తండ్రి పరుల బిడ్డల కాయువు పోసెను.

1946 జూలై 2వ తేదీన అమెరికా ప్రభుత్వము చట్టమును మార్చి, భారతీయులు పౌరులగుట కనుమతించి, సంవత్సరమునకు నూఱుగురు చొప్పున వచ్చి నివసింప వీలు కల్పించెను. అప్పటికి సుబ్బారావుగా రాదేశమున 22 సంవత్సరములకుఁ బైగా శ్రమించి యుండిరి. 1947 ఆగస్టు 15వ తేదీన స్వదేశము స్వతంత్రమయ్యెను. ఖద్దరు కట్టి పట్టము పోఁగొట్టుకొనినవాని కోరిక యీడేఱెను. ఒకవంక క్రొత్తదేశపు వాకిలి తెఱచుకొనెను. మఱియొకవంక పాతదేశము పిలుచుచుండెను. ఆయన యిటు రాలేదు. అటు పౌరుఁడును గాలేదు. 1948 ఆగస్టు నెలలో నొకరాత్రి నిద్రలోనే హృద్రోగముచే మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. ప్రయోగశాల పనియే చివరి దినము వఱకును ఆయన సంసారము.

తరువాత నొక బూజుజాతికి ఆయన పేరిడి శాస్త్రజ్ఞులు గౌరవించిరి. 1995వ సంవత్సరమున, శతజయంతి సందర్భమున, భారతప్రభుత్వ మాయన చిత్రముతోఁ దపాలాబిళ్ల వెలువరించెను. ఇవి యన్నియు ఆయనకు దక్కిన మర్యాదలు. తక్కినవారి లెక్క యేమి?

సుబ్బారావుగారు చేసిన ఋణములను బరిశీలింతము. తల్లి నగలిచ్చెను. మామగారును, మిత్రులును, రంగూనులోఁ గష్టించిన యొక దాత విడిచిన ధర్మమును ఆయనకు వెన్నుదన్నుగా నిలిచెను. వీరి ఋణము నాయన తిరిగివచ్చి వరహాలతోఁ దీర్చలేదు గాని, ఔషధరూపమున లోకమునకు వేయింతలు చెల్లించెనని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. ఇంక శేషగిరమ్మగారి ఋణము. 1923వ సంవత్సరమున విడిపోయిన యాలుమగలు మరల నొకరినొకరు చూడలేదు. పసిబిడ్డను బోఁగొట్టుకొని, భర్త బ్రతికియుండఁగనే యొంటరియై, ఆమె తన యౌవనమంతయు నెదురుచూపులలోఁ గడపెను. ఆమెకు లోకము తపాలాబిళ్ల వేయలేదు. లోకమునకుఁ గలిగిన మేలును జూపి యామెకుఁ గలిగిన నష్టము పూడినదని చెప్పుట ధర్మము గాదు. అది పూడలేదు. చట్టముల కాఠిన్యము కొంత, వ్యయము కొంత, యుద్ధము కొంత, పనియందలి తన్మయత్వము కొంత కారణములు గావచ్చును. కారణము లెన్నియున్నను, అనుభవించినది యామెయే. మహనీయుని నిందించుటకై యిది వ్రాయుట లేదు. ఆయన కీర్తిలో నామెకు భాగము గలదని జ్ఞాపకము చేయుటకై వ్రాయుచున్నాము.

సభ్యమహాశయులారా! ఈ చరిత్రమునుండి మన సంఘము రెండు కార్యములను గ్రహింపవచ్చును. విద్యార్థి వేతనములు మంజూరు చేయునపుడు మొదటితరగతి మార్కులను మాత్రమే చూడుచున్నాము. రెండుసార్లు తప్పి మూఁడవసారి కృతార్థుఁడైన బాలుని దరఖాస్తు మన కార్యవర్గము ముందునకు వచ్చినచో నేమగును? ఆలోచింపవలెను. సత్యలింగనాయకరుగారి ధర్మము వేఱొక శాఖవాని చేయి పట్టుకొనినట్లే, మన నిధిలోఁ గొంతభాగమైనను శాఖాభేదము లేక యోగ్యులైన బీదలకుఁ జెందునట్లు దాతలు నిర్ణయించిన, అది ప్రత్యుపకారమే యగును గాని క్రొత్త దానము గాదు.

రెండవది యింటియందు నిలిచినవారిని గూర్చినది. బిడ్డలు పరదేశమున నుండఁగా నొంటరిగా జీవించు తల్లిదండ్రులు నేఁడు మన ప్రతి పట్టణమునను గలరు. ఆసుపత్రికిఁ దీసికొనిపోవుటకు మనుష్యుఁడు లేక, పండుగనాఁడు వాకిట ముగ్గుపెట్టువారు లేక, ఫోను మ్రోగుటకై కాచుకొనియుండువారు పెక్కండ్రు. పోయిన బిడ్డలను సన్మానించునప్పుడు ఆ వేదికపై వీరికిని గుర్చీ వేయుదము. ప్రతి శాఖాసంఘమును తన యూరిలో నట్టి గృహముల పట్టిక నొకటి తయారుచేసి, నెలకొక పర్యాయమైనను సభ్యు లిరువురు పోయి వారి యోగక్షేమములను విచారించునట్లు ఏర్పాటు చేసినచో, దానికి ధనము సైతము విశేషముగా నక్కఱలేదు. వెంకమ్మగారికిని, శేషగిరమ్మగారికిని ఆ కాలమున నెవరైన నట్లు పలుకరించువారు గలరో లేరో! నేఁటి తల్లులకు మాత్రము మన మున్నాము. ఈ మహాసభ ముగియులోపల నా పట్టిక ప్రారంభమగును గాక యని ప్రార్థించుచున్నాము.